సొంత స్పిండిల్ చేసుకునేవాళ్లకు బేరింగ్, బోరు, కప్లింగ్ సంగతులు

(నల్గొండలో మెకానికల్ డిప్లొమా విద్యార్థులు, లేత్ షాపుల వాళ్లు కలిసి కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద మూడు బేరింగులు పెట్టాను. 6206, 7206, 30206. కొలతలకు మూడూ అన్నదమ్ములే, లోపల 30 మిల్లీమీటర్లు, బయట 62. ముందు వరుసలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చేతిలోకి తీసుకుని వేలితో తిప్పి చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. మూడోదాని బయటి కప్పు ఊడి చేతికి వస్తుంది, కింద పడనివ్వకండి.

నాది మిర్యాలగూడ, మాకు లేత్ షాపు ఉంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పెరిగింది, వరితో రైస్ మిల్లులు పెరిగాయి, మిల్లులను నమ్ముకుని మాలాంటి షాపులు వచ్చాయి. షాఫ్టు అరిగిందని ఒకరు, కీవే పోయిందని ఇంకొకరు, ప్లమ్మర్ బ్లాక్‌లో బేరింగ్ జామ్ అయిందని మరొకరు రోజూ వస్తూనే ఉంటారు. పాతికేళ్లుగా బేరింగులు మారుస్తున్నాను. అయినా సొంతంగా ఒక చిన్న మిల్లింగ్ మెషీన్ చేసుకుందామని కూర్చున్నప్పుడు, ఇన్నాళ్లూ నేను చేసిన పని వేరు, ఈ పని వేరు అని తెలిసింది. మిల్లులో షాఫ్టు 0.05 మిల్లీమీటరు ఊగినా బియ్యం పడుతూనే ఉంటాయి. కట్టర్‌ను పట్టుకుని తిప్పే షాఫ్టునే స్పిండిల్ అంటాం. అది అంత ఊగితే కట్టర్ పళ్లలో ఒక్కటే కోస్తుంది, మిగతావి గాలిలో తిరుగుతాయి.

ఎందుకు సొంతంగా చేసుకోవాలి, కొనుక్కోవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. మన పాత నల్గొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ భుజం నొప్పి చూడలేక నేత నూలు చుట్టే ఆసు యంత్రం తయారు చేశారు. ఏళ్ల తరబడి కష్టపడితే అది 1999లో పూర్తయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మనకు కావలసిన మెషీన్ బజారులో లేకపోతే, ఉన్నా మన చేతికి అందకపోతే, చేసుకోవాల్సిందే. చేసుకుంటే దాని లోపల ఏం జరుగుతుందో కూడా తెలుస్తుంది. నాకైతే ఈ రెండో లాభమే పెద్దది.

నా మొదటి స్పిండిల్ ఎందుకు పాడైందో చెబుతాను, అక్కడి నుంచే అన్నీ వస్తాయి. మోటర్లు రిపేరు చేసే చోట దొరికిన 6206 బేరింగులు రెండు వేశాను. వాటి మీద సీ3 అని రాసి ఉంది. ఆ అక్షరాన్ని నేను పట్టించుకోలేదు. సీ3 అంటే బాల్స్‌కు, రేస్‌లకు (లోపలి, బయటి ఉంగరాలకు) మధ్య మామూలుకన్నా ఎక్కువ ఖాళీ వదిలి చేసిన బేరింగ్. మోటర్ నడిచేటప్పుడు లోపలి రేస్ వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు చోటు కావాలి, అందుకని మోటరుకు అది మంచిదే. స్పిండిల్‌లో ఆ ఖాళీ అంతా కట్టర్ ఊగడానికి దొరికిన చోటు. దానికి తోడు మోటర్ షాఫ్టును, స్పిండిల్‌ను ఒక మఫ్ కప్లింగ్‌తో, అంటే గట్టి ఇనుప గొట్టంతో, నేరుగా కలిపి బిగించాను.

ఆన్ చేయగానే మెషీన్ మోగింది. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ముక్క మీద చేప పొలుసుల్లాంటి గీతలు పడ్డాయి. పది నిమిషాలకు వెనక బేరింగ్ చెయ్యి ఆనించలేనంత కాలింది. నాకు పని నేర్పిన ఉస్తాద్‌ను పిలిచాను. ఆయన స్క్రూడ్రైవర్ మొన బేరింగులు కూర్చున్న హౌసింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి కొంచెంసేపు విన్నారు. "షాఫ్టు మోటర్‌తోని కొట్లాడుతున్నది బేటా, ఇనవడ్తలేదా?" అన్నారు. ఆ మాటకు అర్థం విప్పడానికి నాకు ఒక ఏడాది పట్టింది. కప్లింగ్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ దీని గురించి మాట్లాడతాను.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి. 10 మిల్లీమీటర్ల హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) ఎండ్ మిల్ కట్టర్‌తో ఎంఎస్ కోయాలంటే కట్టర్ అంచుకు నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల వేగం చాలు. అంటే 800 నుంచి 950 ఆర్‌పీఎం. అదే సైజు కార్బైడ్ కట్టర్‌తో 100 మీటర్ల వేగంలో కోస్తే 3200 దగ్గరికి వెళ్తారు. చెక్క మీద బొమ్మలు చెక్కే రౌటర్ అయితే పదివేలు దాటుతుంది, అది నేటి విషయం కాదు. ఇనుము కోసేవాళ్లకు వేగం కన్నా గట్టిదనం ముఖ్యం. షాఫ్టు గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 షాఫ్టు బదులు 30 వేస్తే వంగడానికి ఎదురు నిలిచే బలం ఐదు రెట్లవుతుంది. స్టీళ్లలో ఈఎన్ 8 వేయాలా, ఈఎన్ 24 వేయాలా అని చాలామంది అడుగుతారు. వంగే విషయంలో రెండూ ఒకటే. ఈఎన్ 24 గట్టిపడుతుంది, అరుగుదల తక్కువ, తేలిగ్గా తెగదు. కానీ అదే లోడుకు అంతే వంగుతుంది. కాబట్టి స్టీలు రకం కన్నా లావు మీద ఖర్చు పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం, బోరు. మన జిల్లాలో బోరు అంటే ముందు బోరుబావే గుర్తొస్తుంది. నేను చెప్పేది హౌసింగ్ లోపల బేరింగ్ కూర్చునే రంధ్రం గురించి. బేరింగ్ అవుటర్ రేస్ చూడండి, చేతిలో గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి అది పలుచని ఉంగరం. బోరు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే బిగుతుగా కూర్చున్న ఉంగరం కూడా ఆ ఆకారంలోకే వంగుతుంది. లోపలి రంధ్రం 30 ఉన్న మామూలు క్లాసు బేరింగ్‌లో లోపలి రేస్ రనౌట్, అంటే తిరిగేటప్పుడు ఊగే కొలత, 13 మైక్రాన్ల దాకా ఉండొచ్చు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంతకన్నా నాణ్యమైన క్లాసుల్లో, పీ6లో 8, పీ5లో 4, పీ4లో 3. ఈ అంకెలు చూడగానే పీ4 కొనాలని మనసు లాగుతుంది. కానీ మీరు తీసిన బోరు 20 మైక్రాన్లు గుండ్రం తప్పితే, ఆ 3 మైక్రాన్ల కోసం పెట్టిన డబ్బంతా వృథా. మామూలు క్లాసు కొని, మిగిలిన డబ్బు బోరింగ్‌కు, షాఫ్టు గ్రైండింగ్‌కు ఇవ్వండి. నా రెండో స్పిండిల్ అలాగే చేశాను. మామూలు క్లాసు టేపర్ బేరింగులతోనే అది ఇప్పటికీ నడుస్తోంది.

రెండు బోర్లనూ ఒకే సెట్టింగులో తీయాలి. ముందు బోరు తీసి, జాబ్ తిప్పి పెట్టి వెనక బోరు తీస్తే రెండింటి సెంటర్ ఎక్కడో తేడా పడుతుంది. లేత్ క్రాస్ స్లయిడ్ తీసేసి హౌసింగ్‌ను సాడిల్ మీద బిగించండి. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ సెంటర్ల మధ్య బోరింగ్ బార్ తిప్పి, సాడిల్‌ను నడిపించండి. బార్‌లో బిట్‌ను కొంచెం కొంచెం బయటికి జరుపుతూ సైజుకు రావడం ఓపిక పని, ఒక పూట పోతుంది. కానీ రెండు బోర్లూ ఒకే గీత మీద ఉంటాయి. అంత పని మీ షాపులో కాకపోతే హైదరాబాద్ బాలానగర్‌లో బోరింగ్, సిలిండ్రికల్ గ్రైండింగ్ చేసే షాపులు ఉన్నాయి. బస్సెక్కి వెళ్లి చేయించుకుని రండి.

హౌసింగ్ ఏ లోహంతో చేస్తారన్నది మన ఎండలకు చాలా ముఖ్యం. అల్యూమినియం తేలిగ్గా కోసుకోవచ్చని చాలామంది అదే తీసుకుంటారు. వేడికి స్టీలు డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు పెరిగితే అల్యూమినియం 23 పెరుగుతుంది. జనవరి పొద్దున 20 డిగ్రీల చలిలో 62 బోరులో బేరింగ్ చక్కగా కూర్చోబెట్టారనుకోండి. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు. ఆ 25 డిగ్రీల తేడాకే బోరు బేరింగ్ కన్నా 17 మైక్రాన్లు ఎక్కువ సాగుతుంది. మెషీన్ నడిచి ఇంకో 20 డిగ్రీలు పెరిగితే 31 మైక్రాన్లు. చలికాలంలో బిగుతుగా ఉన్న అవుటర్ రేస్ ఎండాకాలంలో బోరులో తిరగడం మొదలుపెడుతుంది. మెషీన్ పాడైందని బేరింగ్ మారుస్తారు. కొత్త బేరింగ్ కూడా అంతే చేస్తుంది. క్యాస్ట్ ఐరన్‌తోనో, మందపాటి స్టీల్ పైపుతోనో చేస్తే ఈ బాధ ఉండదు.

షాఫ్టు వైపు లోపలి రేస్ బిగుతుగా ఉండాలి. కోసే లోడు ఒకే వైపు నుంచి వస్తుంటే లోపలి రేస్ దాని కింద తిరుగుతూ ఉంటుంది, వదులుగా ఉంటే షాఫ్టు మీద మెల్లగా పాకుతుంది. 30 షాఫ్టుకు కే5 అనే ఫిట్ అంటే షాఫ్టు 30 మిల్లీమీటర్ల కన్నా 2 నుంచి 11 మైక్రాన్లు లావు. వదులైన షాఫ్టు మీద సెంటర్ పంచ్‌తో చుట్టూ గుంతలు కొట్టి బేరింగ్ ఎక్కించే అలవాటు మన షాపుల్లో ఉంది. ఇటుక బట్టీలో మిక్సర్‌కు అది పనికొస్తుందేమో, స్పిండిల్‌కు దయచేసి చేయకండి. ఆ గుంతల అంచులు రెండు రోజుల్లో చదునైపోతాయి, బేరింగ్ వంకరగా కూర్చుంటుంది. ఎక్కించేటప్పుడు కూడా సుత్తితో అవుటర్ రేస్ మీద కొట్టకూడదు. ఆ దెబ్బ బాల్స్ గుండా రేస్ మీద పడి గుంతలు పడతాయి. బేరింగ్‌ను నూనెలో 80, 90 డిగ్రీలకు వేడి చేస్తే దాని 30 రంధ్రం 20 మైక్రాన్లు తెరుచుకుంటుంది, దానంతట అదే జారి కూర్చుంటుంది. 120 దాటించకండి.

ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న మూడింటి సంగతి. 6206 మామూలు బాల్ బేరింగ్. వేవ్ వాషరో స్ప్రింగో పెట్టి ఒక పక్కకు నెట్టి ఉంచితే చెక్కకు, ప్లాస్టిక్‌కు, చిన్న డ్రిల్లింగ్‌కు సరిపోతుంది. 7206 యాంగ్యులర్ కాంటాక్ట్. ఇందులో బాల్ రేస్‌లను ఏటవాలుగా తాకుతుంది. నంబర్ తర్వాత వచ్చే అక్షరం ఆ వాలు ఎంతో చెబుతుంది. బీ అంటే 40 డిగ్రీలు, సీ అంటే 15. వాలు తక్కువైతే పక్క లోడుకు, వేగానికి మంచిది, ఎక్కువైతే షాఫ్టు పొడవునా వచ్చే నిలువు లోడుకు మంచిది. షాపుల్లో దొరికేది ఎక్కువగా 40 డిగ్రీలదే. అది పంపుల కోసం చేసింది, కానీ మనకూ పనికొస్తుంది.

30206 టేపర్ రోలర్. బండ్లు తయారు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంట్ తీసుకున్న రకం ఇది. బాల్ ఒక చుక్క మీద ఆనితే రోలర్ ఒక గీత మీద ఆనుతుంది, అందుకే ఎక్కువ బరువు మోస్తుంది, తక్కువ నొక్కుకుంటుంది. వాహనాల చక్రాల్లో ఇలాంటివే ఉంటాయి కాబట్టి ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ షాపులో కూడా అడగవచ్చు. దీని కష్టం ఒకటే. రోలర్ చివర అంచుకు రాసుకుంటుంది, వేగం పెరిగితే అక్కడ వేడి పుడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు, ఇనుము కోసేవాళ్లు, 2000 ఆర్‌పీఎం దాటనివాళ్లు టేపర్ వేయండి. అంతకు మించి తిప్పాలనుకుంటే 7206 జత. ఇది నా అనుభవంలో నిలిచిన మాట.

జత వేసేటప్పుడు ఎటు తిప్పి పెట్టాలి అన్నది వేసే బేరింగ్ కన్నా ముఖ్యం. అవుటర్ రేస్ మందంగా ఉన్న వైపు వీపు, పలుచగా ఉన్న వైపు ముఖం. వీపు వీపు ఆనేలా పెడితే లోడు గీతలు బయటికి విచ్చుకుంటాయి. ఆర్టీసీ బస్సులో నిలబడ్డప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతాం కదా, అలాంటిది. ముఖం ముఖం చూసేలా పెడితే కాళ్లు దగ్గరికి పెట్టి నిలబడినట్టు. వేడి సంగతి కూడా చూడండి. బేరింగుల మధ్య 120 మిల్లీమీటర్లు ఉండి, హౌసింగ్ కన్నా షాఫ్టు 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, షాఫ్టు సుమారు 29 మైక్రాన్లు పొడుగవుతుంది. వీపు వీపు అమరికలో ఆ పొడుగు బిగుతును తగ్గిస్తుంది. ముఖాముఖిలో బిగుతు పెంచుతుంది, బిగుతు వేడిని పెంచుతుంది, ఆ వేడి మళ్లీ బిగుతును. చివరికి పట్టేస్తుంది.

రెండింటిలో మంచి బేరింగ్‌ను ముందు పెట్టాలి, అంటే కట్టర్ వైపు. దీనికి చిన్న లెక్క. ముందు, వెనక బేరింగులకు చెరో 10 మైక్రాన్ల రనౌట్ ఉందనుకోండి. రెండింటి మధ్య 150 మిల్లీమీటర్లు, ముందు బేరింగ్ నుంచి కట్టర్ మొన 50. ఎత్తు చుక్కలు, అంటే రేస్ అన్నిటికన్నా పైకి లేచే చోట్లు, రెండూ ఎదురెదురు దిక్కుల్లో పడితే మొన దగ్గర 17 మైక్రాన్ల దాకా ఊగుతుంది. రెండూ ఒకే దిక్కున పెడితే 10. అదే వెనకది 20 మైక్రాన్లున్నా, ఒకే దిక్కున పెడితే మొన దగ్గర 7 లోపే. మంచి బేరింగ్ కొనకుండానే, మార్కర్‌తో రెండు చుక్కలు పెట్టుకుని తిప్పి అమర్చడం వల్ల సగానికి పైగా తగ్గింది. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే షాపు తెరిచి స్పిండిల్ విప్పాను. ఎత్తు చుక్క ఎక్కడుందో డయల్ గేజ్ చెబుతుంది. లోపలి రేస్ తిరిగే పద్ధతిలో పెట్టి చూసుకోవాలి.

బేరింగుల మధ్య ఎడం కోసం వేసే రెండు స్పేసర్ గొట్టాలు, లోపలిది బయటిది, ఒకే పొడవు ఉండాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకేసారి సర్ఫేస్ గ్రైండర్ మీద గ్రైండ్ చేయండి. కొలిచి కొలిచి ఒక్కోటి చేయడం కన్నా ఇదే నమ్మకం. నేను నేర్చుకున్న షాపులో సికింద్రాబాద్ ప్రాగా టూల్స్ వాళ్ల పాత గ్రైండర్ ఉండేది, దాని మీద ఉస్తాద్ ఈ పనే నేర్పించారు. స్పేసర్లు లేకుండా టేపర్ వేస్తే బిగుతు నట్‌తో పెట్టాలి. 30 షాఫ్టుకు వచ్చే లాక్ నట్ కేఎం6, ఒక చుట్టు తిప్పితే మర 1.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ నట్ చుట్టుకొలత 141 మిల్లీమీటర్లు. అంచు దగ్గర ఒక మిల్లీమీటరు తిప్పితే లోపల 10 మైక్రాన్లు జరుగుతుంది. ఇక్కడ చేతి బలం పనికిరాదు. ప్లే, అంటే వదులు, పోయేదాకా బిగించండి, గేజ్ ముల్లు కదలడం ఆగాక అంచు మీద గీత గీసుకుని ఇంకొక అర మిల్లీమీటరు. అంతే. అరగంట నడిపి చెయ్యి పెట్టి చూడండి. గది వేడి కన్నా 20 డిగ్రీలు దాటితే కొంచెం వదలండి. గ్రీజు ఖాళీలో మూడో వంతు మించకూడదు. నిండా దట్టిస్తే బేరింగ్ దాన్ని చిలుకుతూ వేడెక్కుతుంది. ఈ తప్పు రైస్ మిల్లుల్లో రోజూ చూస్తాను.

ఇప్పుడు ఉస్తాద్ చెప్పిన కొట్లాట. మోటరుకు సొంత బేరింగులు రెండు, స్పిండిల్‌కు సొంత బేరింగులు రెండు. గట్టి గొట్టంతో కలిపితే నాలుగూ ఒకే గీత మీద ఉండాలి. ఉండవు. ఉండకపోతే తిరిగిన ప్రతిసారీ షాఫ్టు వంగి లేస్తుంది, ఆ లోడంతా బేరింగులే మోస్తాయి. నా వెనక బేరింగ్ అలా కాలింది. కప్లింగ్ నుంచి స్పిండిల్‌కు తిప్పే బలం ఒక్కటే రావాలి, పక్కకు నెట్టేది, వంచేది రాకూడదు. 1 హెచ్‌పీ మోటర్ 1440 దగ్గర ఇచ్చే తిప్పే బలం 5 న్యూటన్ మీటర్లు. రెండు వైపుల పంజాల మధ్య రబ్బరు ఉండే చిన్న లవ్‌జాయ్ కప్లింగ్ కూడా దాన్ని మోస్తుంది, కాబట్టి బలం గురించి భయపడి గట్టి కప్లింగ్ వైపు వెళ్లవద్దు.

లవ్‌జాయ్‌లో మధ్య రబ్బరు ఎంత గట్టిదన్నది చూడండి. రబ్బరు గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. 92 అంటే మెత్తన, 98 అంటే గట్టి. మిల్లింగ్‌లో కట్టర్ పళ్లు ఒక్కోటిగా కొడతాయి, వదులు రబ్బరు ఉంటే టకటకమని మోగుతుంది. పంజాల్లో బిగుతుగా దూరే రబ్బరు తీసుకోండి. పక్క నుంచి షాఫ్టుకు గుచ్చి బిగించే గ్రబ్ స్క్రూ ఉన్నది వద్దు, అది షాఫ్టుకు గాటు పెడుతుంది, కప్లింగ్‌ను ఒక పక్కకు నెట్టి సెంటర్ తప్పిస్తుంది. చీల్చి బోల్టుతో బిగించే క్లాంప్ రకం మేలు. రెండు షాఫ్టులు పక్కపక్కకు జరిగి ఉంటే ఓల్డ్‌హామ్ కప్లింగ్ ఉంది. జాన్ ఓల్డ్‌హామ్ అనే ఐరిష్ ఇంజినీరు 1821లో చేసింది. కానీ అది మెల్లగా తిరిగే చోటికి. త్రీడీ ప్రింటర్లలో వచ్చే అల్యూమినియం స్ప్రింగ్ లాంటి కప్లింగులు కొందరు తెచ్చి స్పిండిల్‌కు వేస్తున్నారు. అవి స్టెప్పర్ మోటర్‌తో లీడ్ స్క్రూ తిప్పడానికి. కోత దెబ్బలకు ఆ చీలిక దగ్గర విరిగిపోతాయి, ముక్క ఎగిరితే కంటికి ప్రమాదం.

నన్ను అడిగితే ఇంట్లో చేసే స్పిండిల్‌కు కప్లింగే వద్దు, బెల్టు వేయండి. మోటర్ ఎక్కడున్నా ఫర్వాలేదు, దాని అదురు చాలావరకు బెల్టు దగ్గరే ఆగిపోతుంది, కట్టర్ ఇరుక్కుంటే బెల్టు జారుతుంది. వేగం సగానికి తగ్గించే పుల్లీ పెడితే అదే 5 న్యూటన్ మీటర్లు 10 అవుతుంది. చారల పాలీ వీ బెల్టు మామూలు వీ బెల్టు కన్నా నున్నగా నడుస్తుంది. బెల్టు లాగే బరువు వెనక బేరింగ్ మీద పడుతుంది. అందుకే పుల్లీని వెనక బేరింగ్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టండి. ఇంకా ఓపిక ఉంటే పుల్లీకి దాని సొంత బేరింగులు పెట్టి, స్పిండిల్‌ను కీతో మాత్రమే తిప్పించండి. అప్పుడు బెల్టు లాగుడు స్పిండిల్ దాకా రాదు. నా మూడో మెషీన్‌లో అలా చేశాను, ఫినిష్‌లో తేడా వేలితో తడిమితే తెలిసింది.

వెనక నుంచి ఒక చెల్లెలు అడుగుతోంది, నకిలీ బేరింగులు ఎలా పట్టాలి అని. మంచి ప్రశ్న. ఒకసారి పెద్ద కంపెనీ పేరున్న డబ్బాలో నాకు వేరే సరుకు వచ్చింది. రేస్ మీద అక్షరాలు తడిమితే చెరిగిపోయేలా ఉన్నాయి, తిప్పితే గరగర. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా ఇంకెక్కడ కొన్నా బిల్లు తీసుకోండి, కంపెనీ వాళ్ల డీలర్ అవునో కాదో అడగండి. డబ్బా మీద కోడ్‌ను ఫోన్‌తో చూసి అసలుదో కాదో చెప్పే యాప్‌లు కొన్ని కంపెనీలు ఇచ్చాయి, షాపులో నిలబడే చూసుకోండి.

ఇక ఈ బల్ల చివర రెండో స్పిండిల్ విప్పి పెట్టాను. డయల్ గేజ్ బిగించి ఉంది, రేస్‌ల మీద నల్ల మార్కర్‌తో చుక్కలున్నాయి. ముందు రెండు చుక్కలు ఎదురెదురుగా పెట్టి రీడింగ్ రాసుకోండి, తర్వాత ఒకే దిక్కుకు తెచ్చి మళ్లీ రాయండి. ఇద్దరిద్దరుగా రండి, నట్ నేను బిగిస్తాను.